కునుకు తర్వాత

పెద్దక్క ట్యాబ్‌ను బల్ల మీద పెట్టి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, మనసులో ఏడు దాకా లెక్కపెట్టుకుంది. తర్వాత చూపుడువేలితో తెరను ఒక్కసారి పక్కకి తోసింది. పేజీ జారాలి. జారలేదు. ఒక్క రవ్వ ఆగి, గతుకులో పడ్డ బండిలా ఎగిరి అవతల పడింది. వెంటనే రెండోసారి తోసింది. ఈసారి నూనె రాసినట్టు జారింది. మూడోసారీ నాలుగోసారీ కూడా అంతే. మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుంది, మళ్లీ లెక్కపెట్టింది, మళ్లీ తోసింది. అదే గతుకు.

కాగితం మీద ఒక గీత గీసుకుంది. ఇరవైకి ఇరవైసార్లూ.

టెస్టింగ్ గదిలో పన్నెండు బల్లలున్నాయి. మిగతా పదకొండు బల్లల మీదా వేళ్లు రేకుల మీద చినుకుల్లా టపటపలాడుతున్నాయి. ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్లకి తెర మీంచి వేలు తీసే అలవాటు లేదు. ఒక పరీక్ష అవుతుండగానే రెండోది మొదలుపెడతారు. అందరిలోకీ పెద్దది కావడం వల్ల ఆమెను పెద్దక్క అంటారు. వెనకాల ఏమంటారో కూడా ఆమెకి తెలుసు గాని, దాన్ని పట్టించుకునే తీరిక ఆమెకి లేదు.

టీమ్ లీడర్ కాగితాల అట్ట చేత్తో పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. నడిచేటప్పుడు కూడా వాచీ చూసుకుంటూ నడుస్తాడు.

"ఇవాళ ఎన్నయ్యాయి పెద్దక్కా?"

"పద్నాలుగు."

"పక్క బల్ల ముప్పై దాటింది. మీరింకా ఆ ఒక్క ట్యాబ్ మీదే కూర్చున్నారు. అదేమన్నా గుడ్డా, పొదగడానికి?"

పక్క బల్లలవాళ్లు కిసుక్కుమన్నారు. పెద్దక్క కూడా నవ్వింది.

"పొదిగితేనే కదా తమ్ముడూ, లోపల ఏముందో తెలిసేది."

"లోపల ఏమీ లేదని పైవాళ్లు మూడోసారి రాశారు. చూడండి."

ఆమె రాసిన మూడు రిపోర్టులూ అచ్చువేసి తెచ్చాడు. మూడింటి కిందా ఒకటే మాట ఉంది. మా పరీక్షలో ఇటువంటి లోపం కనిపించలేదు, మూసివేస్తున్నాం. మూడింటి మీదా ఒకరి పేరే. లీడర్ ఇప్పుడు నవ్వడం లేదు. గొంతు కాస్త తగ్గించాడు.

"నెలలో మూడు ఇలా మూసేస్తే రూలు మీకు తెలుసు. శుక్రవారం సాయంత్రం మారాల్సినవాళ్ల పేర్ల పట్టీ పంపాలి. సోమవారం నుంచి మిమ్మల్ని ప్యాకింగ్ హాలుకి మారుస్తారు. నా చేతిలో ఏం లేదు."

ప్యాకింగ్ హాలంటే ఆమెకి చిన్నచూపు లేదు. అక్కడా మనుషులే పనిచేస్తారు. కాకపోతే అక్కడి షిఫ్టు పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది. ఆ వేళకి ఇంట్లో ఆమె భర్త అప్పుడే నిద్ర లేస్తాడు. జబ్బు చేసి లేచిన దగ్గర్నుంచీ ఆయన కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. పొద్దున్న ఆ చేతి వేళ్లని ఒక్కొక్కటే వంచి, చాచి, మళ్లీ వంచి ఇరవై నిమిషాలు సాధన చేయించాలి. చొక్కా బొత్తాలు పెట్టాలి. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్లందరి చొక్కాలకీ బొత్తాలు కుట్టిన మనిషి ఆయన. బొత్తాం విప్పి ఉన్న చొక్కాతో గుమ్మం దాటడు.

"శుక్రవారం దాకా టైముంది కదా. పైకి వెళ్లి ఒకసారి మాట్లాడి వస్తాను" అంది పెద్దక్క.

"వెళ్లండి. కానీ ఆ టైము లెక్కలోంచి పోతుంది."

"పోనీ."

పై అంతస్తులో ఆమె రిపోర్టులు మూసిన ఇంజనీరు పిల్లని అందరూ పిసినారి అంటారు. డబ్బు విషయంలో కాదు. బ్యాటరీ ఒక్క చుక్క వృథా కాకుండా చూడటం ఆ పిల్ల ఉద్యోగం. తన బల్ల మీద ఆ పేరు తనే రాసి అంటించుకుంది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని ఉంది. పెద్దక్కని చూడగానే లేచి నిలబడింది.

"నేనే కిందికి వద్దామనుకున్నానక్కా. మీ రిపోర్టు నేను చదవకుండా మూయలేదు. మూడుసార్లూ పరీక్ష చేశాకే మూశాను. రండి, మీ కళ్లముందే చేస్తాను."

ట్యాబ్‌కి ఒక పొడుగాటి కేబుల్ తగిలించి, రెండో కొస తన కంప్యూటర్‌కి పెట్టింది. కంప్యూటర్ తెర మీద చిన్న చిన్న కడ్డీలు వరసగా లేచాయి.

"పని లేనప్పుడు ప్రాసెసర్ ఊరికే పరిగెత్తితే బ్యాటరీ తింటుంది. అందుకని ఎవరూ ముట్టుకోకపోతే దాన్ని కునుకు తియ్యనిస్తాం. వేలు పెట్టాక లేస్తుంది. తెర మీద సెకనుకి అరవై బొమ్మలు పడాలి. లేవడం ఆలస్యమైతే కొన్ని బొమ్మలు ఎగిరిపోతాయి, మీరు చెప్పే గతుకు వస్తుంది. అలా జరిగితే ఈ కడ్డీ ఎర్రగా మారాలి. ఇప్పుడు మీ పద్ధతిలోనే చెయ్యండి."

పెద్దక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏడు దాకా లెక్కపెట్టి తోసింది. పేజీ వెన్నలా జారింది. కడ్డీలన్నీ ఆకుపచ్చ. పదిసార్లు చేసింది. ఇరవై దాకా లెక్కపెట్టి కూడా చేసింది. ఒక్క కడ్డీ కూడా రంగు మారలేదు. కింద ఇరవైకి ఇరవైసార్లూ గతుక్కుమన్న ట్యాబే ఇది. వెనక గీరిన గుర్తు కూడా తనదే.

"మీ కళ్లు తప్పని అననక్కా..." అంది పిసినారి.

"అనకుండానే అన్నావులే అమ్మా."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. లిఫ్టు దాకా తోడొచ్చింది. లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "మీకు కనిపించిందంటే ఏదో ఉండే ఉంటుంది. నాకెలా చూడాలో తెలియట్లేదంతే" అంది. ఆ మాట పెద్దక్కకి ఇంటిదాకా తోడుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో చదరంగం ఆడుకుంటున్నాడు. ఆ ఫోను వాళ్ల కంపెనీదే, పాత రకం; నిన్న రాత్రే కొత్త అప్‌డేట్ వేసుకుంది. ఆడేది యంత్రంతో. ఒక్కో ఎత్తుకీ ఆయన గడ్డం గోక్కుంటూ రెండేసి నిమిషాలు ఆలోచిస్తాడు. తర్వాత ఎడంచేతి వేలితో పావుని మెల్లగా జరుపుతాడు.

"ఏమే, మీ కంపెనీ ఏనుక్కి పిచ్చెక్కింది."

"ఏమైందండీ?"

"గెంతుతోంది. గుర్రం గెంతిందంటే అర్థముంది. ఏనుగు తిన్నగా నడవాలి కదా! పొద్దుట్నుంచీ చూస్తున్నా, ఆగి ఆగి ఒక్క గెంతు గెంతుతోంది."

పెద్దక్క చెప్పులు విప్పబోయి ఆగింది. "పొద్దుట్నుంచీ గెంతుతూనే ఉందా?"

"లేదే. మధ్యాహ్నం బ్యాటరీ అయిపోతే గోడకి తగిలించి ఆడాను. అప్పుడు బుద్ధిగానే నడిచింది. వైరు తీశానో లేదో, మళ్లీ మొదలు."

ఆమె ఒక చెప్పుతోనే గబగబా వచ్చి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అయ్యో, నా మంత్రి పోతాడే!"

"పోతే పోనీండి. ఆయనవల్ల మీ రాజ్యమేమీ నిలబడలేదు."

వైరు లేకుండా, ఏడు దాకా లెక్కపెట్టి పావు జరిపింది. గెంతింది. గోడకి తగిలించి, ఏడు దాకా లెక్కపెట్టి జరిపింది. నడిచింది. తీసింది, తగిలించింది, తీసింది. కుర్చీ పక్కనే నేలమీద కూర్చుని పదిహేనుసార్లు చేసింది. ఆయన ముందు విసుక్కున్నాడు, తర్వాత వంగి చూశాడు, ఆ తర్వాత తనే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇందులో వింతేముందే! అన్నం చేతికి అందుతూంటే పొదుపెందుకు? కరెంటు వస్తున్నంతసేపూ అది పడుకోదు. తీశాక పడుకుంటుంది. పడుకున్నవాణ్ణి ఒక్కసారిగా లేపితే తడబడడా మరి?"

ఆమె ఆయన మొహంకేసి చూసింది. పై అంతస్తు గదీ, ఆ పొడుగాటి కేబులూ, ఒక్కటీ రంగు మారని కడ్డీలూ ఆమె కళ్లముందు కదిలాయి. కేబుల్ కొలతలే పంపుతోందనుకుంది. దాంతోపాటు కరెంటూ పంపుతోంది.

"రేపు మీకు కొత్త మంత్రిని తెస్తాను" అని లేచి, ఇంకా కాలికున్న రెండో చెప్పు విప్పింది.

బుధవారం పొద్దున్న లీడర్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. "మళ్లీ పైకా పెద్దక్కా? నిన్న లెక్క పందొమ్మిది దగ్గరే ఆగిపోయింది."

"ఇవాళ ఇంకా తగ్గుతుంది తమ్ముడూ. నువ్వు రాసుకో." ఆమె గొంతులో కోపం లేదు, బెదురూ లేదు. లీడర్ పక్కకి జరిగి దారిచ్చాడు.

పై అంతస్తులో పిసినారి కేబుల్ తీసుకుని ట్యాబ్‌కి పెట్టబోయింది.

"ఆ తోక తీసెయ్యమ్మా."

"కేబుల్ తీస్తే గ్రాఫు ఎలా వస్తుందక్కా?"

"ఇవాళ గ్రాఫు వద్దు. నువ్వు చూడు."

ఆ పిల్ల సందేహంగా కేబుల్ పక్కన పెట్టింది. ఒక్క క్షణం ఆలోచించి తన ఫోను రెండు పుస్తకాల మధ్య నిలబెట్టి, చాలా నిదానంగా తిప్పి చూసుకోగలిగే వీడియో మొదలుపెట్టింది. ఇద్దరూ చేతులు ముడుచుకుని లెక్కపెట్టారు. పెద్దక్క తోసింది.

వీడియో చూడకుండానే పిసినారి నోటి వెంట "అబ్బ!" అని వచ్చింది. అయినా చూసింది. వీడియోలో పెద్దక్క వేలు తెర మీద పక్కకి కదిలింది. పేజీ కదల్లేదు. వేలు ఒక అంగుళం వెళ్లాక, నిద్రలోంచి తన్నుకు లేచినట్టు, పేజీ ఒక్క ఊపున వచ్చి వేలిని అందుకుంది. ఆ పిల్ల వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. పెన్సిలుతో లెక్కపెట్టింది. ఎనిమిది బొమ్మలు పోయాయి. జుట్టులోంచి పెన్ను లాగింది, ముడి ఊడి జుట్టు భుజాల మీద పడినా చూసుకోలేదు.

"కరెంటు ఎక్కిస్తూ, నిద్రపోయిందా లేదా అని చూస్తున్నానా నేను ఇన్నాళ్లూ!"

"నువ్వొక్కదానివే కాదులే. కింద పదకొండు బల్లలకీ ప్లగ్గులున్నాయి. పరీక్ష మధ్యలో బ్యాటరీ అయిపోతే లెక్క తగ్గుతుందని ట్యాబ్‌లు ఎప్పుడూ తగిలించే ఉంచుతారు. నా బల్ల అలమర పక్కన. అక్కడ ప్లగ్గు లేదు."

"మిమ్మల్ని అక్కడెందుకు కూర్చోబెట్టారు?"

"నిదానం కదా నేను. నిదానానికి మంచి చోటెందుకని."

పిసినారి లేచింది. తన కుర్చీ లాగి పెద్దక్క వైపు తిప్పింది. తను పక్క బల్ల దగ్గర్నుంచి ఒక స్టూలు తెచ్చుకుంది. ఆ రోజంతా పెద్దక్క ఆ కుర్చీలోనే కూర్చుంది.

"ఇంతవరకూ ఎలా ఉందంటే అక్కా, పని నెత్తి మీద పడ్డాక ప్రాసెసర్ లేస్తోంది. ఇకమీద తలుపు చప్పుడికే లేవాలి. వేలు తగలగానే, పేజీ ఇంకా కదలకముందే, వేగం పెంచేస్తాను."

రాసింది, ట్యాబ్‌లోకి ఎక్కించింది, కేబుల్ పీకేసి ఆమె చేతికిచ్చింది. పెద్దక్క లెక్కపెట్టి తోసింది. కళ్లు సగం మూసుకుని మళ్లీ తోసింది.

"మొదట్లో ఉన్నది పోయింది. నడుమ ఇంకోటుంది."

"నడుమా? నాకేం తెలియట్లేదే!"

"సన్నగా ఉంది. గుడ్డలో పోగు లాగినట్టు."

వీడియోలో రెండు బొమ్మలు పోయాయి. ప్రాసెసర్ లేచింది గాని, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు ఇంకా ఆవులిస్తూనే ఉంది. ఒకడు లేచి పని అందిస్తున్నాడు, అందుకునేవాడు లేవలేదు. ఇద్దర్నీ ఒకే పిలుపుతో లేపేలా మార్చేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి పెద్దక్క ముప్పైసార్లు తోసి, చివరికి తల ఊపింది.

ఎంతసేపు ఆ వేగంలో ఉంచాలన్న దగ్గర ఆ పిల్ల పేరు సార్థకం చేసుకుంది. ముందు ఒక సెకను అనుకుని, బ్యాటరీ గుర్తొచ్చి సగం చేసింది. సగంలో సగం చేసింది. గురువారం పొద్దున్న పావు సెకనుతో వచ్చి, "ఇది చాలక్కా, మీ పద్ధతిలో ముప్పైసార్లూ బాగానే జారింది" అంది ధీమాగా.

పెద్దక్క ట్యాబ్‌ను ఒళ్లోకి తీసుకుంది. ఈసారి ఎడంచేతి వేలు పెట్టింది. వేలిని ఎత్తకుండా, నీళ్లలో కాగితప్పడవని తోసినట్టు మెల్లగా, చాలా మెల్లగా జరిపింది. సగం దారిలో పేజీ వణికింది.

"మా ఆయన ఇలా జరుపుతాడమ్మా. వేలు ఇంకా దారిలో ఉండగానే నువ్వు వాళ్లని మళ్లీ పడుకోబెట్టేశావు."

పిసినారి ఆ వేలి వంక చాలాసేపు చూసింది. అలా మెల్లగా జరిపేవాళ్లకి, ఆలోచించి ముట్టుకునేవాళ్లకి ముట్టుకున్న ప్రతిసారీ కునుకు తర్వాతదే. గబగబా ఆడించే వేళ్లకి రోజులో ఒకటి రెండుసార్లు తగిలే గతుకు వాళ్లకి రోజంతా తగులుతుంది. ఆ పిల్ల గడియారం లెక్క తీసేసింది. వేలు తెర మీద ఉన్నంతసేపూ, ఎత్తాక పేజీ కుదురుకునేదాకా వేగం ఉంచి, అది కుదురుకున్న మరుక్షణం వదిలేసేలా రాసింది. బ్యాటరీకి రోజు మొత్తం మీద ఎంత ఖర్చో చూసింది.

"నాలుగు నిమిషాలు!" సొంత ఆయుష్షులోంచి పోయినట్టు మొహం పెట్టింది.

"ఇచ్చెయ్యమ్మా. ఎవరికీ లేకుండా పోవట్లేదు కదా."

శుక్రవారం పొద్దున్న మేనేజరు ట్యాబ్ తెప్పించుకుని చూశాడు, వీడియోలు చూశాడు, ఈ మార్పుతోనే శనివారం ట్యాబ్‌లు బయలుదేరతాయని చెప్పేశాడు. పెద్దక్క తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కాసేపటికి లీడర్ వచ్చాడు. అట్ట మీద పేర్ల పట్టీ ఉంది. అతను నీళ్లు నములుతున్నాడు.

"మీరు చెప్పిందే నిజమైంది పెద్దక్కా. కాదనను. కానీ పట్టీ నేను రాసేది కాదు, కంప్యూటర్ రాస్తుంది. దానికి మూడు మూసివేతలు కనిపిస్తున్నాయి. మూసినవాళ్లే వాటిని మళ్లీ తీయాలి. తీస్తే మూడూ వాళ్ల తప్పుల కింద ఎక్కుతాయి. ఆ అమ్మాయికి ఈ నెలే ప్రమోషన్ మాట నడుస్తోంది. ఎవరు తీస్తారు చెప్పండి?"

"నేనడగను తమ్ముడూ."

"అడగండి ఒకసారి."

"రెండు రోజులు తన కుర్చీ నాకిచ్చి స్టూలు మీద కూర్చుంది. అడగను."

ఆమె తర్వాతి ట్యాబ్ తీసింది. పని మొదలుపెట్టింది. వేళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి గాని, లెక్క రెండుసార్లు తప్పింది. ఆరింటి షిఫ్టుకి నాలుగున్నరకి లేవాలి. వేళ్ల సాధన ఐదింటికి చేయించవచ్చు. చొక్కా తొడిగించి బొత్తాలు పెట్టి, ఆయన్ని మళ్లీ పడుకోమంటే సరి. చొక్కా నలుగుతుందని గోల పెడతాడు. పెట్టనీ. చేసుకోలేనిదేం కాదు. అలా అనుకున్నాక లెక్క మళ్లీ కుదిరింది.

మూడు గంటలప్పుడు ఆమె తెర మూలన చిన్న గంట మోగింది. మొదటి రిపోర్టు తెరుచుకుంది. కింద కొత్తగా ఒక మాట చేరింది. కొలత తప్పు మాది, ట్యాబ్‌కి కరెంటు ఇస్తూ కొలిచాం. అయిదు నిమిషాలకి రెండోది తెరుచుకుంది. అక్కడా అదే విషయం, కానీ మాటలు వేరు. మొదటిదే తెచ్చి అతికించలేదు, ఆ పిల్ల మళ్లీ రాసింది. మూడోదానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. పెద్దక్క ట్యాబ్ ముట్టుకోకుండా కూర్చుంది. వెనకాల ఎప్పుడొచ్చాడో లీడర్ కూడా నిలబడి ఉన్నాడు. గంట మోగింది. అందులో ఇలా ఉంది: నేను యంత్రాన్ని నమ్మి మనిషిని నమ్మలేదు. ఈ లోపం కనిపెట్టినవారు అలమర పక్క బల్లవారు. తప్పు పూర్తిగా నాది.

పెద్దక్క కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

లీడర్ అట్ట మీది పట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గది ఆ చివర్నుంచి మొదలుపెట్టి, ఒక్కో బల్ల దగ్గరా వంగి, ఒక్కో ప్లగ్గూ పీకుతూ వచ్చాడు. "ఇదేంటి, లెక్క సగానికి పడిపోతుంది!" అని ఎవరో అరిచారు. "పడనీ" అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు తనే కాస్త తడబడ్డాడు.

అలమర దాకా వచ్చేసరికి అతని చొక్కా మోచేతుల దగ్గర దుమ్ము కొట్టుకుపోయింది. పీకడానికి అక్కడ ప్లగ్గు లేదు. ఊరికే నిలబడ్డాడు.

"ఇవాళ ఎన్ని పెద్దక్కా?"

"పది. పదకొండోది చేతిలో ఉంది."

"దానికింకా ఎంతసేపు?"

"నువ్వే చూడు."

మామూలుగా అయితే అతను వాచీ చూసుకుని వెళ్లిపోయేవాడే. ఇవాళ ఖాళీ స్టూలొకటి లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె ట్యాబ్‌ను అతని ముందుకి జరిపింది. అతను వేలు చాచాడు. లెక్క మూడు కూడా కాకముందే వేలు కిందికి వచ్చేస్తోంది. పెద్దక్క అతని మణికట్టు పట్టుకుని ఆపింది. మళ్లీ మొదట్నుంచి. ఈసారి అతని పెదాలు కదులుతున్నాయి. గదిలో వేళ్ల చినుకుల చప్పుడు ఒక్కో బల్ల దగ్గరా తగ్గుతోంది. ఆమె తల ఊపాక అతను వేలు దించి తోశాడు. పేజీ వేలితోపాటే బయలుదేరి, వేలితోపాటే వెళ్లి, అవతల కుదురుకుంది.

లీడర్ వేలు వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి చూద్దామా పెద్దక్కా?" అన్నాడు.